మగ్గం మీద నా చోటు

గద్వాలలో మా వీధిలో ఏ ఇంట్లో ఆలుమగలు పోట్లాడుకున్నారో తెలుసుకోవడానికి గోడకు చెవి ఆనించాల్సిన పని లేదు. వాళ్ల మగ్గం మీదున్న చీర అంచు చూస్తే చాలు.

మేము నేసేది కుట్టు అంచు చీర. చీర ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. ప్రతి వరసలోనూ నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి మెలేసుకుంటేనే ఆ అంచు చీరకు అతుక్కుని నిలుస్తుంది. అందుకే ఈ మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. ఎడమ పక్క మా ఆయన కూర్చుంటాడు, కుడి పక్క నేను. ఆయన నూలు చుట్టిన నాడె విసిరితే ఆ పోగు నా దగ్గరికి వస్తుంది. నేను దానికి నా పట్టు పోగును మెలేసి లాగుతాను. ఆయన పలకతో ఆ వరసను దగ్గరికి కొడతాడు. మళ్లీ నాడె విసురుతాడు. పెళ్లైన కొత్తలో అలవాటైన ఈ పని, పిల్లలిద్దరూ పెరిగి హాస్టళ్లకు వెళ్లిపోయాక కూడా అలాగే సాగుతోంది.

కోపంగా ఉన్న మనిషి చెయ్యి పోగును ఒక పిసరు ఎక్కువ లాగుతుంది. లాగితే అంచు బిగుసుకుని పక్కనున్న నూలు ముడత పడుతుంది. మా అత్తమ్మ కాలంలో దించిన చీరను మడతపెట్టేటప్పుడు ముసలివాళ్లు అంచు మీద బొటనవేలు నడిపించి, "ఇగో, ఈడ కొట్లాడిండ్రు. ఈడ కలిశిండ్రు" అని నవ్వుకునేవాళ్లట. నాకు కోపం కాస్త ఎక్కువే. నేను దాచినా వీధి దాచదు. పెళ్లైన ఏడాది ఏదో మాటకు అలిగి నేసిన చీరను, మాకు పోగులిచ్చి చీరలు తీసుకునే షావుకారు రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఏమయ్యా, ఇంట్ల అంతా మంచిదేనా?" అని మా ఆయన్ని అడిగాడట. ఆయన ఇంటికొచ్చి నవ్వుకుంటూ ఆ సంగతి చెప్పాడు. నేను మళ్లీ అలిగాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు జబ్బు చేసిన ఆ చలికాలంలో నా అంచు బిగుసుకుంటే మా ఆయన దాన్ని జబ్బనుకోలేదు. కోపమనుకున్నాడు.

నాగర్‌కర్నూల్‌లో మా అక్క కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్లినప్పుడు మొదలైంది అసలు సంగతి. ఆ ఇంటినిండా దగ్గే. పూజ చేయించే అయ్యగారు మంత్రానికీ మంత్రానికీ మధ్య దగ్గుతున్నాడు, వంటవాళ్లు దగ్గుతున్నారు, అక్క అత్తగారు దగ్గుతూనే అందరికీ బొట్టు పెట్టింది. నేను ఇంటికి తెచ్చుకున్నది అక్క పెట్టిన పెట్టుబడి చీర ఒకటి, సర్ది ఒకటి. ముక్కు కారింది, దగ్గు, ఒళ్లు నొప్పులు పట్టాయి, రెండు రోజులు జ్వరం కూడా వచ్చింది. అత్తమ్మ మిరియాల కషాయం కాచి పోసింది. నాలుగు రోజుల్లో లేచి మగ్గం ఎక్కాను. సర్దికి దవాఖానకు పోయేంత తీరిక మా వీధిలో ఎవరికీ లేదు.

కొన్ని వారాలు గడిచాయి. సర్ది సంగతి మరిచిపోయాను కూడా. ఒకరోజు పొద్దున్నే మంచినీళ్లు తాగుతుంటే గొంతు ముందు భాగంలో, గుటక పడే చోట, కలుక్కుమంది. సాయంత్రానికి ఆ నొప్పి కుడి దవడ మీదుగా చెవిలోకి ఎక్కింది. వేలు పెడితే ఓర్చుకోలేను. మగ్గం మీద తల వంచుకుని కూర్చునే మనుషులం, మెడనొప్పి మాకు చుట్టం లాంటిది అనుకుని ఊరుకున్నాను. అత్తమ్మ మాత్రం నన్ను వెలుతురులోకి పిలిచి, గడ్డం ఎత్తి చూసి, తేల్చేసింది.

"గవదలు లేశినయ్. బంగారి గొలుసు ఎయ్యాలె."

గవదబిళ్లలు చిన్నపిల్లలకు కదా అత్తమ్మా అంటే వినలేదు. మా వైపు గొంతు వాచిందంటే మెళ్లో బంగారు గొలుసు వేయడం పాత అలవాటు. నా మెళ్లో పుస్తెలతాడు ఉంది కదా అంటే, అది లెక్కలోకి రాదంది. ఎప్పుడూ ఉండే బంగారానికి గవదలు భయపడవట, అడిగి తెచ్చిన బంగారానికే భయపడతాయట. వీధంతా ఖాలా అని పిలిచే పక్కింటావిడ దగ్గరికి వెళ్లి అడిగింది. ఆమె తన మెళ్లో గొలుసు అప్పటికప్పుడు తీసి ఇచ్చి, "తగ్గినంక ఇద్దువుగాని, తొందరేం లేదు" అంది. ఆ గొలుసు వేసుకుని మగ్గం మీద కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. పెళ్లికి పోయే దానిలా తయారై పోగులు మెలేస్తున్నాను. కొన్నాళ్లకు కుడి పక్క నొప్పి తగ్గి ఎడమ పక్కకు మారింది.

"చూశినవా," అంది అత్తమ్మ సంతోషంగా. "గొలుసుకు భయపడి పక్కకు జరిగింది."

అప్పటికే నా ఒంట్లో ఇంకేదో మొదలైంది. చలికాలం పొద్దున్నే వీపంతా చెమట. గుండె ఊరికే దడదడలాడేది, పొయ్యి దగ్గర ఉన్నా, ఊరికే కూర్చున్నా. ఆకలి బాగా వేసేది, రెండు పూటల అన్నం ఒక పూటే తినేదాన్ని, అయినా జాకెట్లు వదులైపోయాయి. వీధిలో ఆడవాళ్లు "మస్తు సన్నబడ్డవ్, ఏం తింటున్నవ్ జర మాకు గూడ చెప్పు" అని అడుగుతుంటే గొప్పగానే ఉండేది. చెయ్యి మాత్రం నా మాట వినడం మానేసింది. పట్టు పోగు కొన పట్టుకుంటే అది వేళ్ల మధ్య వణికేది. మెలేయబోతే తప్పేది. తప్పిందని చిరాకుతో లాగితే బిగిసేది.

అంచు ముడతలు పడటం మొదలైంది. మా ఆయన చూశాడు. ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు తెచ్చాడు.

మర్నాడు అంచు ఇంకా బిగిసింది. చామంతిపూలు తెచ్చాడు. ఆ తర్వాత నేను అడగకుండానే నీళ్లు పట్టాడు, తన కంచం తనే కడుక్కున్నాడు, వంటింట్లోకి వచ్చి ఉల్లిగడ్డలు కోస్తానన్నాడు. ఈ మనిషికి ఏమైందో నాకు అర్థం కాలేదు. నాకేమైందో ఆయనకు అర్థం కాలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని నేస్తూనే ఉన్నాం. ఒకరోజు నాడె విసరబోయి ఆగి, మగ్గం వైపు చూస్తూనే అన్నాడు.

"మీ తమ్ముడు వచ్చిననాడు నేను గట్ల అనకుండ ఉండాల్సుండె. తప్పే."

మా తమ్ముణ్ని ఏమన్నాడో నాకు తెలియనే తెలియదు. అడిగి తెలుసుకుని, అప్పుడు నిజంగా కోపం తెచ్చుకున్నాను. అయినా అంచు బిగువు తగ్గలేదు కాబట్టి, అసలు కారణం అది కాదని ఆయన అనుకున్నాడు. ఇంకా వెతికాడు. టీవీ రిమోట్ పగలగొట్టింది పిల్లలు కాదు, తనేనన్నాడు. అక్క గృహప్రవేశంలో నా కొత్త చీర బాగుందని అందరూ అంటుంటే తను ఒక్కమాట అనలేదని, అది కూడా తప్పేనని ఒప్పుకున్నాడు. ఒక్కో తప్పూ బయటపెట్టి, నా వైపు ఒకసారి, అంచు వైపు ఒకసారి చూసేవాడు.

"నాకు కోపం లేదయ్యా!" అని నేను వీధి చివరి దాకా వినపడేలా అరిచాను.

అరిచాక భయమేసింది. నేను అరిచే మనిషినే, కానీ ఆ అరుపు నాది కాదు. గుండె దడ ముందొచ్చి, దానికి కారణం వెతుక్కుంటూ కోపం వెనక వస్తోంది. ఆ మాట ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేను పొయ్యి దగ్గర నుంచి ఏదో పనికి వచ్చి చూస్తే, మా ఆయన మగ్గం మీద వంగి నేను నేసిన భాగాన్ని విప్పుతున్నాడు. పట్టు పోగులు తెగకుండా, చప్పుడు కాకుండా, ఒక్కో వరసే వెనక్కి తీస్తున్నాడు. ఎన్నాళ్ల నుంచి అలా చేస్తున్నాడో. ఎంత నేసినా చీర ఎందుకు పెరగడం లేదో అప్పుడు అర్థమైంది. పగలు నేను పాడుచేసింది సాయంత్రం ఆయన విప్పి, మర్నాటికి మళ్లీ మొదటికి తెచ్చి పెడుతున్నాడన్నమాట. నన్ను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేను లోపలికి వెళ్లి, బియ్యం ఎసట్లో పోస్తూ ఏడ్చాను. ఇన్నేళ్లలో నా చేతి పని ఆయన విప్పగా నేను చూడటం అదే మొదటిసారి. ఈ ఇంట్లో నాకంటూ ఒక చోటుందంటే అది మగ్గం మీద కుడి పక్కనే. ఆ చోటుకు నేను పనికిరాకుండా పోతున్నానని ఆ రోజు తెలిసింది.

ఆయన వెనకే వచ్చాడు. నా మణికట్టు పట్టుకున్నాడు, బతిమాలుకోవడానికే.

"ఎవని మీద కోపమో చెప్పరాదే. కాళ్లు మొక్కుమంటే మొక్కుత," అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. నా నాడి ఆయన వేళ్ల కింద కొట్టుకుంటోంది. "ఏందే గిది? గింత జోరుగ కొట్టుకుంటుంది?"

మర్నాడు గద్వాలలోనే రక్త పరీక్ష చేయించాం. కాగితం చేతికిచ్చిన మనిషి "థైరాయిడ్ ఉందమ్మా, పెద్ద డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు. థైరాయిడ్ అనగానే నాకు ధైర్యం వచ్చింది. మా అక్కకు ఎన్నో ఏళ్లుగా అదే ఉంది. కాగితం చూశాను. మొదటి వరసలో ఉన్న అంకె ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ ఉంది. అక్కది కూడా తక్కువ థైరాయిడే కదా అని, ఇంటర్ దాకా చదువుకున్న దాన్ని కాబట్టి, నేనే తేల్చేశాను. అక్కకు ఫోన్ చేశాను.

"ఓసి పిచ్చిదానా, గింత దానికే పరేషాన్ అయితవా? నేను రోజు పొద్దుగాల ఏసుకునే గోళీనే గద. పంపిస్త, ఏసుకో," అంది.

గద్వాలకు వచ్చే తెలిసినవాళ్ల చేత గోళీలు పంపింది. అక్క ప్రేమ అంతా ఆ గోళీల అట్టలో ఉంది. పరగడుపున వేసుకున్నాను. నాలుగైదు రోజులకే నా పని అయిపోయింది. గుండె ఎగిరి గొంతులోకి వచ్చేది. చెయ్యి ఎంత వణికేదంటే చాయ్ గ్లాసు పట్టుకుంటే చాయ్ నేల మీదే. మగ్గం దగ్గరికి వెళ్లడమే మానేశాను. అప్పుడు మా ఆయన ఎవరినీ అడగలేదు. నన్ను బస్సెక్కించి వనపర్తి తీసుకెళ్లాడు.

అక్కడి పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నా కాగితం చూసి, అక్క గోళీల సంగతి మా నోట విని, నా చేతులు ముందుకు చాపమని వేళ్ల మీద ఒక పేపరు పెట్టింది. అది గాలికి ఊగినట్టు ఊగింది. తర్వాత గొంతు మీద మెల్లగా నొక్కింది. నేను ఆమె చెయ్యి తోసేశాను. ఆమె కోప్పడలేదు.

"ఈ మధ్య సర్ది, దగ్గు, జ్వరం ఏమన్నా వచ్చినయా?"

లేదన్నాను. నిజంగానే గుర్తు రాలేదు. మా ఆయన వెనక నుంచి, "వచ్చింది మేడం. నాగర్‌కర్నూల్‌కు పోయొచ్చినంక. దగ్గి దగ్గి సచ్చింది," అన్నాడు.

డాక్టరమ్మ తల ఊపింది. అప్పుడు ఆమె చెప్పింది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. గొంతు ముందు భాగంలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. ఒంట్లో పనులన్నీ ఎంత వేగంగా నడవాలో చెప్పే హార్మోన్‌ను అది తయారుచేసి, కొంత దాచిపెట్టుకుంటుంది. సర్ది, దగ్గు తెచ్చే వైరస్‌లు వచ్చిపోయిన కొన్ని వారాలకు కొందరిలో ఆ గ్రంథి వాస్తుంది. అందుకే నొప్పి, అందుకే ఆ నొప్పి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారడం. అత్తమ్మ గొలుసు సంగతి నేను చెప్పలేదు.

"ఇంట్ల వడ్ల గుమ్మి ఉంటది గద," అంది. "అది పగిలితే గింజలన్నీ ఒక్కసారే బయటపడ్తయి. మీ గ్రంథి ఇప్పుడు గట్ల ఉంది. దాచుకున్న హార్మోన్ అంతా రక్తంలకు కారిపోయింది. అందుకే గుండె దడ, వణుకు, చెమటలు, బరువు తగ్గుడు. మీరు కాగితంల చూసిన ఆ తక్కువ అంకె హార్మోన్‌ది కాదు. హార్మోన్ తయారుచెయ్యమని మెదడు నుంచి వచ్చే ఆర్డర్ అది. హార్మోన్ ఎక్కువైతే ఆర్డర్ తగ్గుతది. మీ అక్కకు తక్కువ, మీకు ఇప్పుడు ఎక్కువ. ఉన్నదే ఎక్కువైతే, మీరు పైనుంచి ఇంకింత మింగుతున్నరు."

నా ఇంటర్ చదువు అక్కడే ఎటో పోయింది. అక్క గోళీలు ఆ రోజుతో ఆపేయమంది. నొప్పికీ వాపుకీ కొన్నాళ్లు వాడమని మందు రాసింది, గుండె దడ తగ్గడానికి ఇంకొకటి. గింజలు కారిపోయిన గుమ్మి కొన్నాళ్లు ఖాళీగా ఉంటుందని, అప్పుడు అంతా తలకిందులై చలి, నిద్ర, మందకొడితనం వస్తాయని ముందే చెప్పింది. ఆ తర్వాత చాలామందికి దానంతటదే నిండుతుందంది. కొంతమందికి నిండదు, వాళ్లు అక్కలాగా గోళీ వాడుకోవాల్సి వస్తుంది. అందుకని కొన్ని వారాలకోసారి వచ్చి రక్తం చూపించుకోమంది.

మా ఆయన అంతా విని, చేతులు కట్టుకుని అడిగాడు.

"అంటే కోపం గాదా మేడం?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆయన అంచు సంగతి మొదటి నుంచి చెప్పాడు, బజ్జీలతో సహా. బయట రోగులు వరసకట్టి ఉన్నారు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. "కోపం గూడ ఉంటదయ్యా. ఈ జబ్బుల చిరాకు వస్తది. మీరేం తప్పు చెయ్యలే," అంది. చివరి మాట విన్నప్పుడు మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం ఒక్కటే అడిగాను, మళ్లీ నేయగలనా అని. నేస్తారు, తొందరపడకండి అంది. ఆ "కొంతమంది"లో నేనుంటానా అని అడగాలనుకుని, అడగలేదు.

తిరిగి వస్తుంటే బీచుపల్లి వంతెన మీద బస్సు మెల్లగా పోతోంది. మా ఆయన కిటికీ లోంచి కృష్ణను చూస్తున్నాడు. డాక్టరు తప్పు లేదని చెప్పినా ముఖంలో మళ్లీ దిగులు.

"ఇంకేంది? నీ మీద కోపం లేదని తేలింది గద," అన్నాను.

"కోపమైతేనే మంచిగుండు," అన్నాడు. "కోపమైతే నా చేతిల ఉంటదే. ఏదన్న తెచ్చిస్త. మాట పడ్త. రోగమైతే నేనేం జేయాలె?"

మా ఆయన మీద నాకు ఎంత ప్రేముందో నాకు బాగా తెలిసిన క్షణాలు కొన్నే ఉన్నాయి. అందులో అదొకటి. బస్సు నిండా జనం కాబట్టి ఆయన చొక్కా చేతి గుండీ సరిచేసి ఊరుకున్నాను.

మందులతో నొప్పి కొన్ని రోజుల్లోనే పోయింది. ఖాలా గొలుసు ఖాలాకు చేరింది. అత్తమ్మ ఆ నొప్పి గొలుసు వల్లే తగ్గిందని ఈనాటికీ చెబుతుంది, నేను కాదనను. వణుకు కూడా మెల్లమెల్లగా తగ్గింది. మళ్లీ మగ్గం ఎక్కి ఒక చీర బాగానే దించాం. ఇంక అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన రెండో భాగం అప్పుడు మొదలైంది.

గద్వాల ఎండాకాలం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కుక్కలు కూడా మధ్యాహ్నం బయటికి రావు. అలాంటి ఎండలో నేను రగ్గు కప్పుకుని పడుకున్నాను. పొద్దున్న లేస్తే మళ్లీ ఎప్పుడు పడుకుందామా అనే. గొంతు బొంగురుపోయింది. ఒళ్లు బరువెక్కింది, వదులైన జాకెట్లు ఇప్పుడు పట్టలేదు. సన్నబడ్డానని మెచ్చుకున్న ఆడవాళ్లు ఇప్పుడేమీ అడగలేదు. మగ్గం మీద కూర్చుంటే చెయ్యి వణకదు, కానీ కదలదు. ఆయన నూలు పోగు వచ్చి నా దగ్గర ఆగి ఉంటుంది, నేను దాన్ని చూస్తూ ఉంటాను. మెలేసి లాగాలని తెలుసు. ఆ తెలిసింది చేతి దాకా పోవడానికి చాలా సేపు పట్టేది. ఇప్పుడు అంచు వదులైపోయి, పట్టు పోగులు ఉంగరాల్లా వేలాడేవి. వనపర్తిలో రక్తం చూసి డాక్టరమ్మ, అనుకున్నట్టే తక్కువకు పోయిందని, ఇప్పుడే గోళీ మొదలుపెట్టకుండా ఇంకొన్నాళ్లు చూద్దామని అంది. ఆమె గొంతులో భయం లేదు. భయమంతా నా దగ్గరే ఉండిపోయింది.

శ్రావణంలో పెళ్లిళ్లున్నాయని షావుకారు కుట్టు అంచు చీరలు తొందరగా కావాలన్నాడు. ఒక్క మనిషి నేసే మామూలు చీరలు ఆయనకు అక్కర్లేదట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు మా ఆయన నా వైపు చూడలేదు. నేనే అన్నాను, మా తోడికోడల్ని పిలవమని. మా ఆయన తమ్ముడి భార్య, వెనక వీధిలోనే ఉంటుంది, మంచి పనిమంతురాలు, నాకంటే చెయ్యి చురుకు. ఆ మాట చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అన్నాను. అని, ఆయన సరేనంటాడేమోనని భయపడ్డాను.

"చూద్దాం తియ్," అన్నాడు.

జబ్బు సంగతి ఏమైందని అందరూ అడుగుతారు కాబట్టి అది ఇక్కడే చెప్పేస్తాను. వానాకాలం ముగిసేసరికి చేసిన పరీక్షలో అంకెలన్నీ మామూలుకు వచ్చాయి. గోళీ అవసరం పడలేదు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది, చేయించుకుంటున్నాను. అక్క సంతోషించింది, తనకు మాత్రం ఎందుకు తగ్గలేదని కొంచెం ముఖం ముడుచుకుంది కూడా. నాకు మాత్రం ఆ మంచి కాగితం కంటే, దానికి ముందటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఎక్కువ గుర్తు.

రగ్గు కిందే ఉన్నాను. సగం నిద్ర. ముందు గదిలో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరు నేసే చప్పుడు నాకు తెలుసు, ఊపిరి తీసినంత వరసగా ఉంటుంది. ఇది అలా లేదు. ఒక దెబ్బ పడుతుంది, తర్వాత చాలా సేపు ఏమీ లేదు, మళ్లీ ఒక దెబ్బ. మా తోడికోడలు వచ్చి నా చోట్లో కూర్చుందని అర్థమైంది. కొత్త కదా, తడబడుతోంది. తడబడనీ అనుకున్నాను. ఇంకా తడబడాలని కూడా అనుకున్నాను. అంత జబ్బులోనూ ఆ బుద్ధి మాత్రం చురుకుగానే ఉంది. చివరికి ఉండబట్టలేక లేచి, రగ్గు భుజాల మీద వేసుకుని, గోడ పట్టుకుంటూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

మగ్గం మీద మా ఆయన ఒక్కడే ఉన్నాడు. ఎడమ పక్క నుంచి నాడె విసిరాడు. కూర్చునే బల్ల మీద జరుగుతూ జరుగుతూ కుడి పక్కకు వచ్చాడు. నా పట్టు పోగు అందుకుని, ఆ లావు వేళ్లతో నూలు పోగుకు మెలేశాడు. లాగాడు. మళ్లీ జరుగుతూ తన పక్కకు పోయాడు. పలక కొట్టాడు. బనియన్ మొత్తం తడిసిపోయి వీపుకు అంటుకుంది. మూలన నాడెల్లో పెట్టే కండెలకు నూలు చుడుతున్న అత్తమ్మ నన్ను చూసి, "నేను చెప్తనే ఉన్న, ఇనడు," అంది. అప్పటిదాకా నేసింది నా అరచెయ్యంత కూడా లేదు.

"ఏందయ్యా గిది? చిన్నామెను పిలువుమంటి గద," అన్నాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పిలిస్తే వస్తది. మంచిగ గూడ నేస్తది."

"మరి?"

"రేపు నీకు బాగైతే ఆమెను లెవ్వుమని ఎట్ల చెప్పాలె? లెవ్వుమంటే ఆమెకు బాధ. లెవ్వుమనకుంటే నీకు బాధ. ఎవరిని కూసోబెట్టకుంటే నా ఒక్కని నడుముకే నొప్పి."

అత్తమ్మ కండె చుట్టడం ఆపింది. వనపర్తిలో అడగలేని మాట, బస్సులో అడగలేని మాట, ఇన్ని వారాలు రగ్గు కింద దాచుకున్న మాట అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"బాగు కాకుంటే?"

ఆయన ఆలోచించను కూడా లేదు.

"గప్పుడు గూడ గిట్లనే నేస్త," అని, ఎడమ పక్కకు జరిగాడు.

నేను రగ్గు అక్కడే వదిలేసి వెళ్లి కుడి పక్కన కూర్చున్నాను. ఆయన నాడె విసిరాడు. నూలు పోగు నా దగ్గరికి వచ్చి ఆగింది. నేను నా పోగు అందుకుని, మెలేసి, లాగడానికి చాలా సేపే పట్టింది. అంతసేపూ ఆయన పలక పట్టుకుని ఆగాడు.